మూడో సైరన్ ఎందుకు మోగలేదు

ప్రొద్దుటూరులో ప్రసన్నకుమారి ఇల్లెక్కడ అని అడిగితే ఎవరూ చప్పున చెప్పలేరు. లైట్ల ప్రసన్న అంటే మాత్రం మైదుకూరు రోడ్డులోని ఆమె షాపు ముందు దింపి మరీ పోతారు. ఆ పేరు కస్టమర్లు పెట్టింది. ఏ యంత్రం తెచ్చి ముందు పెట్టినా ఆమె వెంటనే స్క్రూడ్రైవర్ తీయదు. మూత తెరిచి, కరెంటు ఇచ్చి, చేతులు కట్టుకొని లోపల మిణికే చిన్న లైట్లను చూస్తూ నిలబడుతుంది. ఆ సమయంలో ఎవరైనా అది ఎలా చెడిందో కథ చెప్పబోతే వేలు చూపి ఆపుతుంది.

పుట్టింది జమ్మలమడుగులో. తండ్రి ఆమెకు ఊహ తెలియకముందే పోయాడు. తల్లి సుశీలమ్మ మిషన్ ఆసుపత్రిలో ఆయాగా చేస్తూ కూతుర్ని ప్రొద్దుటూరు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివించింది. అక్కడ ల్యాబ్‌లో వెనక నుంచి జడ లాగిన ఒకడి ముంజేతి మీద ప్రసన్న కాలే సోల్డరింగ్ ఐరన్ పెట్టింది. చర్మం కాలిన వాసన గది నిండా వచ్చింది. కబురందుకొని సుశీలమ్మ పరుగున వచ్చి ప్రిన్సిపాల్ కాళ్ళ మీద పడబోతే, ప్రసన్న తల్లిని రెక్క పట్టి లేపింది.

"నువ్వు ల్యామ్మా. వాడు నా జడ లాగినప్పుడు వాళ్ళమ్మ వచ్చిందా ఈడికి?" అంది.

కొన్నాళ్ళు కాలేజీకి రానివ్వలేదు. తర్వాత రానిచ్చారు. చదువు ముగిశాక కాటాలు బాగుచేసే కంపెనీలో చేరింది, ఆటో నడిపే పాల్ రాజును పెళ్ళి చేసుకుంది, సొంతంగా షాపు పెట్టింది. నూనె మిల్లుల కాటాలు, అరటికాయల గోదాముల అలారాలు, క్వారీల సైరన్లు ఆమె పని. దూరపు పనులకు పాల్ రాజు ఆటోలోనే పోయేది.

ముద్దనూరు దాటాక పులివెందుల దారిలో ఒక కంకర క్వారీ ఉంది. గుట్టను మందు పెట్టి పేలుస్తారు, ఆ రాయిని క్రషర్‌లో వేసి కంకర చేస్తారు. పేల్చే ముందు మనుషులు పక్కకు తప్పుకోవడానికి సైరన్ మోగాలి. ఒకటి క్రషర్ దగ్గర, ఒకటి టిప్పర్లు దిగే దారిలో, మూడోది గుట్టకు అవతల. ఆ మూడింటినీ బిగించింది ప్రసన్నే.

క్యాబిన్‌లో ఒక పెట్టె, ప్రతి సైరన్ స్తంభానికీ ఒక పెట్టె. అన్నిటినీ కలుపుతూ రెండు సన్నటి తీగలు. క్యాబిన్‌లో బటన్ నొక్కితే ఆ తీగల మీద మాట పోతుంది. మాట పోయేటప్పుడు పసుపు లైటు మిణుకుతుంది. స్తంభం దగ్గరి పెట్టె ఆ మాట అందుకొని, సైరన్‌కు కరెంటు వదిలి, 'విన్నాను' అని తిరిగి జవాబిస్తుంది. జవాబు వచ్చినప్పుడు క్యాబిన్‌లో పచ్చలైటు మిణుకుతుంది. ఎర్రలైటు కరెంటు ఉందని చెప్పడానికి. అంతే.

క్యాబిన్‌లో కూర్చునేది పీర్ సాహెబు. ముసలితనం మీద పడుతున్న మనిషి. క్రషర్ హోరులో చెవులు సగం పోయాయి. ప్రసన్న ఆయనకు ఒకటికి పదిసార్లు చెప్పింది.

"మామా, నీ చెవిని నమ్మాకు. పచ్చలైటు మూడు తూర్లు మిణికితే మూడు సైరన్లూ మోగినట్టు. ఒకటి తక్కువైనా మందు పేల్చాకు."

"అట్లేనమ్మా. మూడు తూర్లు," అని ఆయన వేళ్ళు మడిచి చూపించాడు.

ఆ తర్వాత ఏడాది ఏ పొరపాటూ జరగలేదు.

ఆ రోజు ప్రసన్న జమ్మలమడుగులో ఒక మిల్లు కాటా సరిచేస్తోంది. క్వారీ మేనేజరు ఫోను చేసి, "సైరన్ పని చేయడం లేదు, వెంటనే రా," అన్నాడు. ఏం జరిగిందో చెప్పకుండానే పెట్టేశాడు.

ఆటో గేటు దాటగానే పాల్ రాజు బ్రేకు తొక్కాడు. ఆగి ఉన్న టిప్పరు వెనక చక్రానికి పీర్ సాహెబును తాడుతో కట్టేసి కొడుతున్నారు. ఎడమ కన్ను ముద్దయి మూసుకుపోయింది. పన్ను విరిగి కింది పెదవిలో దిగింది. తెల్లగడ్డం మీదుగా నెత్తురు కారి చొక్కాకు అంటుకుపోయింది. అందరికంటే ముందుండి కొడుతున్నవాడు ఓబులేసు అనే రాళ్ళు కొట్టే మనిషి. పిడికిలి చర్మం ఊడినా ఆపడం లేదు. దెబ్బ దెబ్బకూ ఏడుస్తున్నాడు. మేనేజరు ఆఫీసు గదిలో లోపల గడియ పెట్టుకొని ఉన్నాడు. పోలీసులు ఇంకా రాలేదు.

"ఈమే! సైరన్లు పెట్టింది ఈమే!" అని ఎవరో అరిచారు.

గులకరాయి వచ్చి ఆటో అద్దానికి తగిలింది. అద్దం పగిలి పాల్ రాజు ఒళ్ళో రాలింది.

"దిగాకు ప్రసన్నా, తిప్పేస్తా," అన్నాడతను.

ఆమె అప్పటికే దిగింది. నేరుగా పోయి ఓబులేసుకూ పీర్ సాహెబుకూ మధ్య నిలబడింది.

"కొట్టాకండి! ఈయన సచ్చిపోతే ఏం జరిగిందో ఎవురు చెప్తారు? ఒక్కరు చెప్పండప్పా నాకు."

గుంపులోంచి ఒక బక్కపలచని మనిషి ముందుకొచ్చాడు. చేతిలో సమ్మెట పిడి ఉంది. పేరు తిమ్మప్ప. "చెప్పేదేముంది? అదిగో, ఆడ పండుకోనుంది సూడు నా చెల్లెలు," అన్నాడు.

క్రషర్ నీడలో టార్పాలిన్ కప్పి ఉంది. ఒక పక్క నుంచి పాదం బయటికి కనిపిస్తోంది. రెండో వేలికి మెట్టె ఉంది. తల వైపు టార్పాలిన్ దాదాపు నేలకు అంటుకొని ఉంది, కింద ఉండాల్సినంత ఎత్తు లేదు.

సుంకులమ్మ, ఓబులేసు పెండ్లాం. గుట్టకు అవతల మిగిలిన గుడిసె వాళ్ళది ఒక్కటే. చంటిబిడ్డను ఉయ్యాలలో వేసి నీళ్ళ బిందెతో వస్తూ ఉంటే మందు పేలింది. గుట్ట మీదుగా ఎగిరొచ్చిన రాయి ఆమె నెత్తి మీద పడింది. అప్పుడు అవతలి దారిలో ఉన్న టిప్పరు డ్రైవరు, ఆ పక్క సైరన్ మోగనే లేదని వచ్చి చెప్పాడు. ఇవతలి రెండూ మోగాయి. మూడోది మోగలేదు.

"మూడోదానికి జవాబు రాకపోయినా పేల్చినాడు ఈ తురక నా కొడుకు," అని తిమ్మప్ప సమ్మెట పిడి పైకెత్తాడు.

పీర్ సాహెబు మూసుకుపోకుండా మిగిలిన కంటితో ప్రసన్నను చూశాడు. "మూడు తూర్లు మిణికిందమ్మా. అల్లా సాక్షి. నువ్వు చెప్పినట్లే చేసినా."

ఆ ఆఖరి మాట విని ప్రసన్న గుంపు వైపు తిరిగింది.

"మీ కండ్ల ముందరే సూపిస్తా. రాండి క్యాబిన్‌కు," అంది తిమ్మప్పతో. "ఈయన్ను ముట్టుకోవాకండి అంతవరకు."

క్యాబిన్‌లో పట్టినంత మంది పట్టారు. మిగిలినవాళ్ళు కిటికీకి ముఖాలు ఆనించారు. ఆమె పెట్టె మూత తీసింది. ఎర్రలైటు నిలకడగా వెలుగుతోంది. సైరన్ మోగకుండా తీగలను మాత్రమే పరీక్షించే చిన్న బటన్ ఒకటుంది. దాన్ని నొక్కింది. పసుపు లైటు మిణికింది. పచ్చది ఒకసారి మిణికింది. ఇంకోసారి. మూడోసారి కూడా మిణికింది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ మూడు.

"అంటే?" అన్నాడు తిమ్మప్ప.

"మూడో పెట్టె పలుకుతాంది. ఆయన చెప్పింది నిజం."

"మరి సైరన్ యాల మోగల్యా? నీ లైటు అబద్ధం చెప్తాందా, నువ్వు అబద్ధం చెప్తాండావా?" అంటూ తిమ్మప్ప ఆమె మెడ పట్టి పెట్టెకేసి అదిమాడు. నుదురు రేకు అంచుకు తగిలి చీరుకుపోయింది. పాల్ రాజు మీదికి దూకబోతే ఇద్దరు అతన్ని గోడకు నొక్కిపట్టారు.

కంట్లోకి నెత్తురు దిగుతున్నా ప్రసన్న గింజుకోలేదు. "పెట్టె దగ్గరికి పోయి సూస్తే తెలుస్తాది," అంది. "ఈడ నుంచి నాకు తెలీదు. నన్ను సంపినా తెలీదు."

తిమ్మప్ప చెయ్యి తీశాడు.

బటన్ నొక్కడానికి పాల్ రాజును క్యాబిన్‌లో ఉంచి, ఆమె గుట్టెక్కింది. వెనకనే గుంపు. పీర్ సాహెబును కట్లు విప్పి ఈడ్చుకొచ్చారు. ఆయన పడిపోయినప్పుడల్లా ఓబులేసు తన్ని లేపాడు. దారిలో ఒక చోట మట్టి నల్లగా తడిసి ఉంది. పక్కన సొట్టపడిన బిందె. అక్కడికి రాగానే ఓబులేసు ఆగి వాంతి చేసుకున్నాడు. మళ్ళీ లేచి మళ్ళీ తన్నాడు.

స్తంభానికి కూతవేటు దూరంలో గుడిసె. ముందు కొయ్యలకు కట్టిన చీర ఉయ్యాల. ఒక ముసలామె దాన్ని ఊపుతూ కూర్చుంది. ఆమెకు ఇంకా ఎవరూ సరిగా చెప్పినట్టు లేదు.

ప్రసన్న రాళ్ళు పేర్చుకొని ఎక్కి, పెట్టె తాళం తీసి, పాల్ రాజుకు ఫోను చేసింది. "నొక్కప్పా."

పచ్చలైటు మిణికింది. మాట చేరింది. పసుపు లైటు మిణికింది. జవాబు పోయింది. పెట్టెలోనే ఉన్న పరీక్ష మీటను ఆమె వేలితో నొక్కింది. లోపల టిక్కుమని శబ్దం వచ్చింది. సైరన్‌కు కరెంటు వదిలే శబ్దం అది. స్తంభం పైనున్న సైరన్ హారన్ మాత్రం మూగగా ఉంది.

అంటే తప్పు పెట్టెలో లేదు. పెట్టె నుంచి హారన్‌కు పోయే వైర్లను చేత్తో తడుముతూ పైకి పోయింది. స్తంభం వెనక పక్క వేళ్ళకు గుడ్డ తగిలింది. అతుకు ఊడదీసి ఉంది. హారన్ వైపు రెండు కొసలకూ వేరువేరుగా, తడి దిగకుండా, గుడ్డపీలికలు చుట్టి ముడి వేసి ఉన్నాయి.

పీర్ సాహెబు ప్రాణం దక్కిందన్న ఆత్రంలో ఆమె ఒక పీలికను లాగి పైకెత్తి పట్టుకుంది. "సూడండి! ఎవురో వైరు ఊడదీసినారు! పెట్టెది తప్పుకాదు, ఈయనదీ కాదు. ఎవురో కావాలనే..."

అక్కడ ఆగిపోయింది. చేతిలోది నీలం పూల చీర పీలిక. ఎదురుగా గుడిసె ముందు ఊగుతున్న ఉయ్యాలకు కూడా అవే నీలం పూలు.

ఆమె చెయ్యి దించేలోపు అందరూ చూశారు. తిమ్మప్ప ఉయ్యాల వైపు చూశాడు, పీలిక వైపు చూశాడు, బావ వైపు తిరిగాడు.

ఓబులేసు నేల మీద చతికిలబడ్డాడు.

"నేనే," అన్నాడు. "అది మోగినప్పుడల్లా బిడ్డ నీలుక్కపోతాండె. ఊపిరి తిరక్కుండా ఏడుస్తాండె. తీసెయ్ అని సుంకులే అడిగింది. బిడ్డ కొంచెం పెద్దగైనాక మళ్ళ కలుపుదాంలే అనుకున్యా. పేల్చే పొద్దు నాకు తెలుసు గదా, దినామూ నేనే వచ్చి ఇద్దరినీ బండ సాటుకు పిల్చకపోతాంటి. ఈ పొద్దు బెల్టు తెగిందని మేస్త్రీ నన్ను క్రషర్ కాడికి పంపించె..."

తిమ్మప్ప అతన్ని మాట పూర్తి చేయనివ్వలేదు. సమ్మెట పిడి ఓబులేసు తుంటి మీద పడింది. ఎండిన కొమ్మ విరిగినట్టు చప్పుడైంది. రెండో దెబ్బ మోకాలి మీద. ఓబులేసు చేతులు అడ్డం పెట్టుకోలేదు. ఇంతసేపూ పీర్ సాహెబును కొట్టిన చేతులే ఇప్పుడు ఓబులేసు మీద పడ్డాయి. ఎవరో కడుపులో తన్నారు, ఎవరో జుట్టు పట్టి ముఖాన్ని బండకేసి కొట్టారు. అందరూ వదిలేసిన పీర్ సాహెబు పాకుతూ వచ్చి, రెండు చేతులతో రాయి ఎత్తి ఓబులేసు ముఖం మీద వేశాడు.

ప్రసన్న కిందికి దూకి ఆ రాయిని పక్కకు తోసింది. తిమ్మప్ప చేయి పట్టుకోబోతే సమ్మెట పిడి ఆమె మణికట్టు మీద దిగింది. చెయ్యి పనికిరాకుండా వేలాడింది. అరిచింది. ఆమె అరుపు ఎవరికీ వినపడలేదు. ఇంకో నాలుగు దెబ్బలు పడితే మనిషి ఉండడని ఆమెకు తెలిసింది.

మళ్ళీ రాళ్ళ మీదికి ఎక్కింది. మంచిగా ఉన్న చేత్తో హారన్ వైర్లు రెండూ కిందికి లాగింది. రెండో పీలికను పళ్ళతో పీకేసింది. కొసలు రెండింటినీ పెట్టెలో సైరన్‌కు కరెంటు ఇచ్చే బ్యాటరీకి నేరుగా తగిలించి అదిమిపట్టింది.

సైరన్ మోగింది.

ఆ ధ్వనికి ఆమె దవడలు కూడా అదిరాయి. గుంపులో ఒక్కరూ ఆలోచించలేదు. ఏళ్ళ తరబడి ఆ మోత వినగానే పరిగెత్తిన కాళ్ళు వాటంతట అవే పరిగెత్తాయి. చేతుల్లోని రాళ్ళూ కర్రలూ పారేసి, తలల మీద చేతులు పెట్టుకొని, ఒకరి మీద ఒకరు పడుతూ బండల చాటుకు పోయారు. పీర్ సాహెబు కూడా కుంటుతూ పోయి ఒక గుంతలో ముడుచుకున్నాడు. తిమ్మప్ప మాత్రం అటు పోలేదు. సమ్మెట పిడి విసిరేసి గుడిసె వైపు పరిగెత్తాడు. ఉయ్యాలలోంచి బిడ్డను లాక్కొని, గుండెకు అదుముకొని, నేల మీద బోర్లా వంగి తన వీపు అడ్డం పెట్టాడు. బిడ్డ గుక్కపట్టింది.

ఓబులేసు కదల్లేదు. వెల్లకిలా పడి, నెత్తురు నిండిన నోటితో ఆకాశం వైపు చూస్తున్నాడు.

గుట్ట దారిలో పాల్ రాజు ఆటో కనిపించేదాకా ప్రసన్న వైర్లు వదల్లేదు. సైరన్ ఆగాక కూడా చాలామంది బండల చాటు నుంచి బయటికి రాలేదు. వచ్చినవాళ్ళు కర్రల కోసం వెతకలేదు. ఓబులేసును ఆటోలోకి ఎత్తడానికి ఇద్దరు సాయం పట్టారు. వాళ్ళ చేతులకు ఓబులేసు నెత్తురూ ఉంది, పీర్ సాహెబు నెత్తురూ ఉంది.

ఇద్దరినీ ఒకే సీటు మీద పెట్టుకొని పులివెందుల ఆసుపత్రికి పోయారు. గుంతల్లో ఆటో ఎగిరినప్పుడల్లా ఓబులేసు తల పీర్ సాహెబు భుజం మీద పడుతోంది. ఆయన తోసెయ్యలేదు. ఊరు దగ్గరపడ్డాక అన్నాడు, "నేను గూడ కొట్టినా గదమ్మా."

ప్రసన్న విరిగిన మణికట్టును ఒళ్ళో పెట్టుకొని రోడ్డు చూస్తూ కూర్చుంది.

పీర్ సాహెబు బతికాడు. ఎడమ కన్ను పోయింది. మళ్ళీ క్వారీ ముఖం చూడకుండా ప్రొద్దుటూరులో కూతురి ఇంట్లో ఉండిపోయాడు. ఓబులేసు నెలల తరబడి మంచంలో ఉండి కుంటికాలితో లేచాడు. తిమ్మప్ప, మరికొందరు జైలుకు పోయి బెయిలు మీద వచ్చారు. విచారణకు వచ్చిన అధికారుల ముందు ప్రసన్న జరిగింది జరిగినట్టు చెప్పింది. పెట్టె విన్నదంటే హారన్ మోగినట్టేనని పీర్ సాహెబుకు చెప్పింది తానేనని, అది నిజం కాదని కూడా చెప్పింది. అధికారి తలెత్తి, "ఇది రాసుకోమంటావా?" అని అడిగాడు. రాసుకోమంది. చెయ్యి అతుక్కున్నాక, తాను బిగించిన ప్రతి సైరన్ దగ్గరికీ పోయి హారన్ పక్కన ఒక చిన్న మైకు పెట్టింది. చప్పుడు నిజంగా వస్తేనే జవాబు పోయేలా మార్చింది.

ఒక రోజు మధ్యాహ్నం ఓబులేసు ఊతకర్రతో ఆమె షాపుకు వచ్చాడు. టీ తెప్పిస్తే తాగాడు. చాలాసేపు బల్ల మీది పెట్టెలో మిణికే లైట్లనే చూశాడు.

"అక్కా, ఆ పొద్దు పీర్ సాహెబును కొట్టకముందే నాకు వైరు సంగతి గుర్తుకొచ్చె," అన్నాడు. "కొడతాన్నంతసేపు గుర్తుకు రాకుండా ఉంటాండె. అందుకే కొడతాంటి."

"ఆ ముక్క పీర్ సాహెబుకు చెప్పినావా?"

"చెప్పినా. పోయి కాళ్ళు పట్టుకున్యా. ఆయన తలుపేసుకున్యాడు."

తర్వాత బిడ్డ సంగతి ఎత్తాడు. బిడ్డ చాపాడు దగ్గరి పల్లెలో తిమ్మప్ప ఇంట్లో ఉంది. చూడాలని ఉందట. ఒక్కడే పోవాలంటే భయంగా ఉందట.

ప్రసన్న షాపు షట్టరు దించింది. పాల్ రాజు ఆటో తీశాడు.

వాళ్ళు పోయేసరికి తిమ్మప్ప వాకిట్లో బర్రెకు గడ్డి వేస్తున్నాడు. ఆటో లోంచి దిగింది ఎవరో చూసి, చేతులు తుడుచుకొని, నడిచొచ్చి ఓబులేసు చెంప మీద బలంగా కొట్టాడు. ఊతకర్ర ఎగిరిపోయింది. ఓబులేసు పేడలో పడ్డాడు. పాల్ రాజు దిగబోతే ప్రసన్న చెయ్యి అడ్డం పెట్టింది.

తిమ్మప్ప ఇంకో దెబ్బకు చెయ్యెత్తాడు. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. ఓబులేసు లేవడానికి ప్రయత్నిస్తున్నాడు, కాలు సహకరించడం లేదు. తిమ్మప్ప అది చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పోయి ఊతకర్ర తెచ్చి అతని పక్కన పడేశాడు.

"బిడ్డ పండుకోనుంది. లేపాకు," అని గడపకు దారి వదిలి పక్కకు జరిగాడు.